బట్టలారబెట్టు యంత్రము: పుట్టుక, పనితీరు, ముసలితనము

పల్నాడు జిల్లాలో వినుకొండ ప్రాంతమునకు చెందిన మండల కేంద్రము నూజెండ్ల. మిరప, ప్రత్తి పండించు మెట్టసీమ అది. మే నెలలో అక్కడ ఉతికి దండెముపై వేసిన పంచె చూచుచుండగనే ఆరి పెళపెళలాడును. అదే జిల్లాలోని రెంటచింతల ఎండలకు రాష్ట్రమంతట పేరుపడినది. ఇట్టి చోట బట్టలారబెట్టుటకు యంత్రమెందుకని ఎవరికైనను అనిపించును. అయినను అక్కడి ఇండ్లలో "డ్రయ్యరు" అను మాట అందరికిని తెలిసినదే. జంట తొట్ల వాషింగు మెషీనులో ఒక తొట్టి బట్టలుతుకును. రెండవది వానిలోని నీటిని విదిలించును. ఆ రెండవ తొట్టికే జనులు డ్రయ్యరని పేరు పెట్టినారు.

క్రొత్తలో ఆ తొట్టి ఐదు నిమిషములలో బట్టలను పొడిపొడిగా చేసి ఇచ్చును. కొన్ని ఏండ్లు గడచినపిమ్మట మూలుగును, ఊగును, ఒక్కొక్కనాడు కదలనే కదలదు. "ముసలిదైనది, ఇక పాత సామానుల వానికి వేయవలసినదే" అని ఇంటివారు తీర్మానించుకొందురు. కాని ముసలితనము ఒక జబ్బు పేరు కాదు. ఏ భాగము ఏ పని మానుకొన్నదో తెలియనిదే యంత్రము బాగుపడునో లేదో చెప్ప వీలులేదు. అది తెలియవలెనన్న, ఈ యంత్రము మనుష్యుడు చేయు ఏ పనులను తనపై వేసికొన్నదో మొదట విచారింపవలెను.

ఆరుట యనగా నేమి?

చాకిరేవున జరుగు పనిని గమనించినచో ఆరుటకు కావలసినవన్నియు అందే కనబడును. ఇద్దరు మనుష్యులు తడి దుప్పటి రెండు కొసలను పట్టుకొని ఎదురెదురుగా మెలిపెట్టి పిండుదురు. ఇది మొదటి పని. పిదప దానిని విదిలించి, మడతలు విప్పి, దండెముపై పరతురు. ఇది రెండవది. ఎండ వేడినిచ్చును. గాలి తేమను మోసికొనిపోవును. పిండుట, విడదీయుట, వేడి, గాలి: ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కొరవడినను బట్ట ఆరుట ఆలస్యమగును.

వీనిలో వేడి మిక్కిలి ఖరీదైనది. ఒక కిలోగ్రాము నీటిని 0 డిగ్రీల సెంటీగ్రేడు నుండి 100 డిగ్రీల వరకు కాచుటకు 100 కిలో కేలరీలు చాలును. అదే నీరు మామూలు వాతావరణములో ఆవిరి కావలెనన్న సుమారు 580 కిలో కేలరీలు కావలెను. ఉష్ణోగ్రత పెరుగకయే నీరు మ్రింగివేయు ఈ ఉష్ణమునే గుప్తోష్ణమందురు. కుండలోని నీరు చల్లబడుటకును, చెమట ఆరినప్పుడు ఒడలు చల్లబడుటకును ఇదియే కారణము.

గాలి సంగతి వేరు. 30 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటియావిరిని మాత్రమే ఇముడ్చుకొనగలదు. 60 డిగ్రీల వద్ద అదే గాలి 130 గ్రాములను ఇముడ్చుకొనును. ముసురు పట్టిన దినములలో గాలి ముందే తేమతో నిండియుండును గనుక ఎన్ని గంటలు ఆరవేసినను బట్ట చెమ్మగనే యుండి ముక్కవాసన కొట్టును. అప్పుడు లోపము బట్టలోను లేదు, దండెములోను లేదు. తేమను మోయవలసిన గాలికి చోటులేదు. పాత యంత్రమును పరీక్షించునప్పుడు కూడ ఈ మాట గుర్తుంచుకొనవలెను.

పీపా, పొయ్యి, మోటారు

ఎండ సరిగా కాయని దేశములవారికి ఈ నాలుగు పనులను ఇంటిలోపలనే జరుపవలసిన అవసరము కలిగెను. 1800 ప్రాంతమున ఫ్రాన్సులో పోషాన్ అను నతడు చిల్లులుగల లోహపు పీపా నొకటి చేసెను. తడిబట్టలను అందులో వేసి, నిప్పుపైన చేతితో త్రిప్పవలెను. వేడియు, కదలికయు దొరకినవి గాని, బట్టలకు పొగవాసన పట్టెడిది. నిప్పురవ్వలు పడు భయము వేరు. వేడినిచ్చు గాలియు, పొగయు ఒకే దారిని వచ్చుటయే అందులోని లోపము.

1892 జూన్ 7వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు డేటన్ నగరమునకు చెందిన జార్జి టి. శాంప్సన్ అను నీగ్రో జాతి శిల్పి అమెరికా ప్రభుత్వమునుండి 476416 సంఖ్యగల పేటెంటు పొందెను. ఆయన బహిరంగమైన నిప్పును విడిచి, ఇంటి పొయ్యికి చేరువగా బట్టలను తగిలించు చట్రము నొకదానిని కల్పించెను. వేడి పొయ్యినుండి వచ్చును. పొగ బట్టలకు తగులదు.

ఇరువదవ శతాబ్దములో విద్యుచ్ఛక్తి ఇండ్లలోనికి వచ్చిన పిమ్మట పీపాను త్రిప్పు పని మోటారుకు అప్పగింపబడెను. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రము మిక్కిలి చలిసీమ. చలికాలమున ఆరుబయట వేసిన బట్టలు గడ్డకట్టుకొనిపోవును. తన తల్లి పడుచున్న ఆ శ్రమను చూచియే రాస్ మూర్ అను నతడు ఇట్టి యంత్రమును గూర్చి ఆలోచింప మొదలిడెనని చెప్పుదురు. ఆయన ఏండ్ల తరబడి చేసిన నమూనాలను విస్కాన్సిన్ రాష్ట్రమునందలి హామిల్టన్ కంపెనీ చేపట్టి, 1938లో "జూన్ డే" అను పేరుతో విపణిలో పెట్టెను. అందులో పీపా తిరుగుట, వేడిగాలి వీచుట, తడిగాలి బయటకు పోవుట ఒకే పెట్టెలో కుదిరినవి.

పీపా వేగము విషయమున ఒక చిన్న లెక్క గలదు. బట్టలు పైకెక్కి, విడివడి, వేడిగాలిగుండా క్రిందపడవలెను. వేగము హెచ్చైనచో అవి గోడకే అంటుకొనిపోవును. అర్ధవ్యాసము 33 సెంటీమీటర్లున్న పీపాకు ఈ హద్దు నిమిషమునకు సుమారు 52 చుట్లు. అందుచేత ఇట్టి యంత్రములు నిమిషమునకు 50 చుట్ల లోపుననే తిరుగునట్లు ఏర్పాటు చేయుదురు. విదిలించి పరచు చేతిపనికి ఇది బదులు.

వేడి లేకుండ ఆరబెట్టుట

నూజెండ్ల వంటి ఊళ్ళలోని డ్రయ్యరు ఈ వంశమునకు చెందినది కాదు. అందులో వేడి లేదు. అది పిండుట యను మొదటి పనిని మాత్రమే చేయును. తక్కిన మూడింటిని ఎండకును, గాలికిని, ఇంటివారి చేతులకును వదలివేయును. దీని మూలము 1830ల దశకమున ఫ్రాన్సులో పెంజోల్ట్ అను నతడు గుడ్డల నారబెట్టుటకు చేసిన గిరగిర తిరుగు పీపాలో నున్నది. తరువాత ఇదే సూత్రమును చక్కెర కర్మాగారములవారు స్ఫటికములనుండి మడ్డిని వేరుచేయుటకు వాడుకొనిరి. 1878లో స్వీడను దేశస్థుడు గుస్తావ్ దె లావాల్ పాలనుండి మీగడను వేరుచేయు యంత్రమును ఇదే దారిలో నిర్మించెను.

సూత్రము సులభమైనది. తిరుగు తొట్టి గోడ బట్టను లోపలికి నెట్టి వలయములో త్రిప్పుచుండును. చిల్లులకు ఎదురైన నీటిబొట్టును అట్లు నెట్టునది ఏదియు లేదు. కావున అది వలయమునకు స్పర్శరేఖగా తిన్నగా బయటకు పోవును. తొట్టితోపాటు తిరుగువానికి ఇదే అపకేంద్ర బలముగా తోచును. తొట్టి అర్ధవ్యాసము 12 సెంటీమీటర్లనియు, వేగము నిమిషమునకు 1350 చుట్లనియు అనుకొందము. అప్పుడు గోడవద్ద నున్న వస్తువునకు కలుగు త్వరణము భూమ్యాకర్షణకు సుమారు 245 రెట్లుండును. ఎంతటి బలశాలియైనను చేతితో ఇంత సమముగా, ఇంత గట్టిగా పిండలేడు.

ఖర్చులో కూడ తేడా చూడదగినది. ఒక లీటరు నీటిని ఆవిరిచేయుటకు, ఏమాత్రము వృథా లేకపోయినను, యూనిటులో మూడింట రెండు వంతుల విద్యుత్తు కావలెను. 150 వాట్ల మోటారు ఐదు నిమిషములు తిరిగి అంతే నీటిని విదిలించినచో ఖర్చు యూనిటులో ఎనుబదవ వంతు మాత్రమే. అనగా ఇంచుమించు ఏబది రెట్లు తక్కువ. వేడియంత్రమున్న ఇంటివారు కూడ ముందు బాగుగా పిండి, పిదపనే ఆరవేయుటలోని ఆర్థిక రహస్యమిది.

1950ల దశకము చివర ఇంగ్లండులోను, 1960 ప్రాంతమున జపానులోను ఉతుకు తొట్టి, పిండు తొట్టి ప్రక్కప్రక్కన గల జంట యంత్రములు ప్రచారములోనికి వచ్చినవి. 1980ల తరువాత మన దేశములో మధ్యతరగతి ఇండ్లకు చేరినవి. ఎండ ఉచితముగా దొరకు సీమకు వేడిలేని ఈ యంత్రమే తగినది. అందుచేతనే పల్లెలలో కూడ నిలద్రొక్కుకొన్నది.

ముసలి యంత్రమును అడుగవలసిన ప్రశ్నలు

పరీక్షకు ముందు ఒక నియమము తప్పనిసరి. ప్లగ్గు ఊడదీసిన పిమ్మటనే వెనుక రేకు విప్పవలెను. ప్లగ్గు తీసినను కెపాసిటరులో కొంతసేపు విద్యుదావేశము నిలిచియుండును. దాని కొనలను చేతితో తాకరాదు. తడికాళ్ళతో, తడినేలపై ఈ పని చేయరాదు. విద్యార్థులు విప్పిన యంత్రమును చూచి నేర్చుకొనవచ్చును గాని, పనిని తెలిసిన పెద్దలే చేయవలెను.

మొదటి ప్రశ్న: శబ్దమేమైన వచ్చుచున్నదా? మూత వేసి, టైమరు త్రిప్పినను ఏ చప్పుడును లేనిచో విద్యుత్తు మోటారును చేరలేదని అర్థము. అది ప్లగ్గునుండి బయలుదేరి టైమరును, మూత స్విచ్చిని దాటి మోటారును చేరును. కావున ఆ వరుసలోనే వెదుకవలెను. ప్లగ్గులో తీగ ఊడినదా? టైమరులోని రాగి నాలుకలు నల్లబడినవా? మూత వేసినప్పుడు స్విచ్చి నొక్కుకొనుచున్నదా? పల్లెటూళ్ళలో ఇంకొక కారణము కూడ సాధారణము. చాల యంత్రములకు అడుగుభాగము తెరచియుండును. ఆ దారిని ఎలుకలు దూరి తీగలను కొరికివేయును. పెద్ద జబ్బని భయపడినది తరచు జానెడు తీగతో కుదురును.

రెండవ ప్రశ్న: మూలుగుచున్నదా? మూలుగు వినబడినచో విద్యుత్తు మోటారును చేరినది గాని, అది తిరుగలేకున్నది. ప్లగ్గు తీసి, మూత సందునుండి చేతితో తొట్టిని మెల్లగా త్రిప్పి చూడవలెను. గట్టిగా నున్నచో బ్రేకు పట్టుకొనియున్నదేమో చూడవలెను. మూత వేసినప్పుడు ఒక సన్నని తీగ బ్రేకును లాగి వదలించును. మూత తెరచినప్పుడు స్ప్రింగు దానిని మరల బిగించును. ఆ తీగ సాగినను, తెగినను మూత వేసియున్నను బ్రేకు వదలదు. బ్రేకు వదలియే యుండి తొట్టి గట్టిగా నున్నచో ఇరుసుకు త్రుప్పు పట్టియుండవచ్చును. తొట్టి తేలికగా తిరుగుచు, కరెంటు పెట్టినప్పుడు మాత్రము మూలుగుచున్నచో కెపాసిటరును అనుమానింపవలెను. ఈ మోటారులో రెండు తీగచుట్లు గలవు. రెండవ చుట్టులోని ప్రవాహమును కొంచెము ముందునకు జరిపి, మోటారుకు తిరుగుడు దిక్కు నిచ్చునది కెపాసిటరే. ఏండ్లు గడచినకొలది దాని శక్తి సన్నగిల్లును. దానిపై వ్రాసిన మైక్రోఫారడుల విలువయు, ఓల్టుల విలువయు చూచి అట్టిదే వేయవలెను. దీని వెల స్వల్పము. మోటారు పోయినదని ఎంచి యంత్రమునే పారవేసిన ఇండ్లలో నిజముగా పోయినది ఇదే కావచ్చును.

ఇక్కడ యంత్రముతో సంబంధములేని కారణ మొకటి గలదు. ఇట్టి మోటారు త్రిప్పుబలము ఓల్టేజి వర్గమును అనుసరించి మారును. 230 ఓల్టులకు బదులు 160 మాత్రమే వచ్చినచో బలము సగముకంటె తక్కువకు పడిపోవును. పగలు మూలిగి, రాత్రి చక్కగా తిరుగు డ్రయ్యరును విప్పుట వృథా. కొలిచి చూడవలసినది సరఫరాను. తిరుగని మోటారును మూలుగుచుండగా వదలినచో తీగచుట్లు కాలిపోవును. అప్పుడు లేని జబ్బును ఇంటివారే తెచ్చిపెట్టినట్లగును.

మూడవ ప్రశ్న: ఊగి గోడలను కొట్టుచున్నదా? పైన చెప్పిన 245 రెట్ల లెక్క ఇచ్చట పనికివచ్చును. 100 గ్రాముల తడిగుడ్డ ఒక ప్రక్కకు ఎక్కువగా చేరినచో, పూర్తి వేగమున అది తొట్టిని 24 కిలోగ్రాముల బరువుతో సమానమైన బలముతో లాగును. కనుక మొదట బట్టలను సమముగా సర్ది, పైన అణచు ప్లాస్టిక్కు పళ్ళెమును పెట్టి మరల చూడవలెను. ఉత్త తొట్టి కూడ ఊగినచో మోటారును మోయు స్ప్రింగులు సాగినవో, వానిలోని రబ్బరు చివికినదో చూడవలెను. నేల ఎగుడుదిగుడుగా నున్నను ఇదే లక్షణము కనబడును.

నాల్గవ ప్రశ్న: తిరుగుచున్నను బట్టలు తడిగనే యున్నవా? అప్పుడు విదిలించిన నీరు పోవు దారిని చూడవలెను. దారపు పోగులు, మట్టి చేరి గొట్టము మూసికొన్నచో నీరు బయటి తొట్టిలోనే నిలిచి, తిరుగు తొట్టికి అడ్డుపడి వేగమును తగ్గించును. ఖర్చు లేకుండ కుదురు జబ్బు గనుక దీనిని అన్నిటికంటె ముందు చూచుట మేలు. బోరునీటిలో లవణములు హెచ్చుగానున్న ఊళ్ళలో తెల్లని పెచ్చు చిల్లులను పూడ్చును.

చివరగా ఇరుసు చుట్టునున్న రబ్బరు తొడుగును చూడవలెను. బయటి తొట్టిలోని నీరు క్రిందనున్న మోటారుపై పడకుండ ఆపునది అదే. అది పగిలినచో నీరు బొట్లు బొట్లుగా ఇరుసుపై జారి, ముందు త్రుప్పు పట్టించి, పిమ్మట మోటారులో చేరును. యంత్రమును తాకినప్పుడు జివ్వుమన్నచో వెంటనే వాడుక మానవలెను. మూడు పుల్లల ప్లగ్గును, సరియైన ఎర్తు తీగను విడిచి ఏ మరమ్మతును చాలదు. అట్లే, మూత స్విచ్చి పోయినప్పుడు తీగలను నేరుగా కలిపివేయుట కొందరి అలవాటు. నిండు వేగమున ఆ తొట్టి అంచు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. పసిపిల్లలున్న ఇంట తెరచిన మూతతో అది తిరుగుట ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

వేడియంత్రమునకు ఇవే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇండ్లలో నుండునది హామిల్టన్ వంశపు వేడియంత్రము. అక్కడ కొన్ని నివాస సంఘములు ఆరుబయట దండెము కట్టుటను నిషేధించుటయు, ఫ్లోరిడా వంటి కొన్ని రాష్ట్రములు అట్టి నిషేధము చెల్లదని శాసనము చేయుటయు కలదు. ఆ యంత్రమునకు నాలుగు పనులలో మూడు అప్పగింపబడినవి గనుక మూడింటిని విడివిడిగా అడుగవలెను. పీపా తిరుగక మోటారు మాత్రము తిరుగుచున్నచో బెల్టు తెగినది. పీపా తిరుగుచు వేడి లేనిచో ముందు సరఫరాను చూడవలెను. అక్కడి విద్యుద్యంత్రములలో వేడిచుట్టకు 240 ఓల్టులు, మోటారుకు 120 ఓల్టులు అందును. రెండు తీగలలో ఒకటి పోయినను మోటారు తిరుగుచుండవచ్చును. చుట్ట మాత్రము చల్లగానుండును. సరఫరా సరిగానున్నచో చుట్ట నిరోధమును కొలువవలెను. 5400 వాట్ల చుట్టకు అది సుమారు పదకొండు ఓములుండవలెను. అనంతమని చూపినచో తీగ తెగినదన్నమాట.

హద్దు మీరిన వేడికి కరగి దారిని తెంపు ఉష్ణ ఫ్యూజు ఇంకొకటి గలదు. అది పోయినప్పుడు క్రొత్తది వేసి ఊరకున్నచో మరల పోవును. వేడి ఎందుకు మీరినదని అడుగవలెను. సాధారణముగా సమాధానము నాలుగవ పనిలో దొరకును: గాలి పోవు గొట్టము బట్టల నూగుతో మూసికొనియుండును. ముసురునాటి దండెము పడిన అవస్థయే ఇది. తేమను మోయు గాలికి దారిలేదు. పైగా ఆ నూగు సులభముగా అంటుకొనును. 2008 నుండి 2010 వరకు అమెరికా దేశపు లెక్కలలో డ్రయ్యర్ల వలన ఏటేట సుమారు 2900 ఇంటి అగ్నిప్రమాదములు నమోదైనవి. వానికి ముఖ్యకారణములలో మొదటిది, 34 శాతము, శుభ్రము చేయకపోవుటయే. పోషాన్ పీపాకు నిప్పురవ్వల భయమున్నట్లే, రెండు వందల ఏండ్ల తరువాతి పీపాకు నూగు భయము మిగిలినది.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

ఇంటి డ్రయ్యరు ఆరోగ్యమును తెలిసికొనుటకు ఒక త్రాసు చాలును. పొడి తువాలును తూచి బరువు వ్రాసికొనవలెను. దానిని తడిపి, చేతితో పిండి మరల తూచవలెను. తిరిగి తడిపి, ఐదు నిమిషములు డ్రయ్యరులో వేసి తూచవలెను. పొడి బరువును మినహాయించగా మిగిలినది బట్టలో నిలిచిన నీరు. దీనిని పొడి బరువులో శాతముగా లెక్కించి, అదే తువాలుతో రెండు మూడు నెలలకొకసారి నమోదుచేసినచో ఒక పట్టిక తయారగును. ఆ శాతము మెల్లమెల్లగా పెరుగుచున్నచో యంత్రము ఆగిపోకముందే దాని వేగము తగ్గుచున్నదని తెలియును. అప్పుడు గొట్టము, బ్రేకు, కెపాసిటరు, రబ్బరు తొడుగు అను వరుసలో చూచుటకు వ్యవధి చిక్కును.

మోటారు చుట్లు కాలిపోయి, క్రొత్త మోటారు వెల యంత్రపు వెలలో పెద్ద భాగమైనప్పుడును, త్రుప్పు అడుగు చట్రమును తినివేసినప్పుడును పాత యంత్రమును విడుచుటయే మంచిది. అంతవరకు దానిని ముసలిదనుటకంటె, పిండుట, విడదీయుట, వేడి, గాలి అను నాలుగింటిలో తనకు అప్పగించిన ఏ పనిని అది చేయలేకున్నదో పేరు పెట్టి చెప్పుట మేలు. పేరు తెలిసిన జబ్బుకు వెల ఎంతో కూడ తెలియును.